రిమార్కుల గడి

ఫారంలో రిమార్కులకి రెండు గీతల చోటుంది.
రోల్ నంబర్ పదకొండు, నేలపూడి సత్యవేణి,
సిరామిక్స్, ఆఖరి ఏడు.
‘సమర్పించిన వస్తువు’ ఎదుట
‘లేదు’ అని రాసి, కళ్ళజోడు తుడుచుకుని
మీరు వెళ్ళిపోయారు.
రైలు టైమైంది. మిమ్మల్ని అనడానికేం లేదు.

ధవళేశ్వరంలో మా షెడ్డు
ఒకప్పుడు లాకు తలుపులకి రివెట్లు కొట్టిన చోటు.
ఇప్పుడు ఆరు సారెలు, ఒక గ్యాసు కొలిమి,
మండపేట మిల్లు నుంచి బస్తాల్లో వచ్చే ఊక బూడిద.
జల్లించి, నానబెట్టి, వడకట్టి,
పూసి, పన్నెండువందల ఎనభై దాకా కాలిస్తే
గంజి తేరిన రంగొస్తుంది.
బియ్యపు గింజ విడిచిన చొక్కా గాజవుతుందని
ఏటా నా మొదటి పాఠం.
ఏటా ఎవరో ఒకరు ఆ బూడిదని నాలుకతో తాకి చూస్తారు.

సత్యవేణి తాకలేదు.
‘కాల్చకపోతే ఏమవుద్దండీ?’ అంది.
మూడేళ్ళూ అదే ప్రశ్న.

మట్టిని సారె నడిమికి తేవడం
అందరికన్నా ముందు పట్టుబడింది తనకే.
మోచెయ్యి తొడకి ఆనించి, ఊపిరి బిగబట్టి
రెండు బొటనవేళ్ళు దించితే
అరటి దొప్పంత పల్చగా గోడలు లేచేవి.
లేచినవాటిని తీగతో నిలువునా కోసి
మళ్ళీ తొట్లో పడేసేది.
నేను కేకలేశాను.
ఒక వారం మాట్లాడలేదు కూడా.
ఇది రిమార్కుల్లో రాయకూడదేమో.

వాళ్ళది ఏటి మధ్య లంక.
శ్రావణంలో వరద ఇంట్లోకొచ్చి, నాలుగు రోజులుండి పోతుంది.
పోయాక వంటింట్లో జానెడు ఒండ్రు.
వాళ్ళమ్మ రేకుముక్కతో గోకి వీధిలో పోస్తే
ఈ పిల్ల గోనెలోకెత్తి
పంటు మీద, ఆటోలో, షెడ్డుకి తెచ్చింది.
ఏరుతుంటే అందులో మెంతులు,
రేషన్ కార్డు మూల, ఒక తలపిన్ను.
పిన్ను వాళ్ళమ్మది కాదట.
పైనెక్కడినుంచో కొట్టుకొచ్చింది.

ఆ ఒండ్రుతోనే చేసింది మీరు చూసినవన్నీ:
బాన, దాక, మూకుడు, ఉప్పు పిడత,
వరదకి వాళ్ళమ్మ అటకెక్కించే సామానంతా.
ఏదీ కాల్చలేదు. సిమెంటు నేల మీద వరసగా పెట్టి
చెంబుతో గోదారి నీళ్ళు పోసింది.
పచ్చికుండలో నీళ్ళు పోసినట్టుంది అని
మీరు సామెతన్నారు.
తనూ నవ్వింది.

కాసేపు ఏమీ కాలేదు. మీరు గడియారం చూశారు.
తర్వాత సన్నగా బుసబుస,
ఎండుమట్టి గాలి వదిలే చప్పుడు.
ఉప్పు పిడత ముందు కూచుంది.
బాన అంచు ఒకవైపు వాలి, ఆలోచించి, రెండోవైపూ వాలింది.
మూకుడు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.
చివరికి గచ్చు మీద
ఒక వంటిల్లంత ఒండ్రు,
మధ్యలో నిలబడ్డ పిన్ను.
అప్పుడే మీరడిగారు, వస్తువేదమ్మా అని.

మీరు వెళ్ళాక అటెండరు వీర్రాజు రేకుముక్క తెచ్చాడు.
‘ఉండండి బాబాయ్, ఆరనీండి’ అందామె.
పొద్దున వచ్చి చూస్తే బీటలిచ్చి ఉంది.
దాని మీదుగా ఏ పిల్లో నడిచి వెళ్ళింది,
తొందరేమీ లేని అడుగులు.

పాతికేళ్ళుగా కాలుస్తున్నాను నేను.
నా కుండలు అద్దాల బీరువాల్లో ఉన్నాయి, పగలకుండా.
ఎవరి వంటింట్లోనూ లేవు.
నిన్న రాత్రి నా బీరువా తీసి
ఒకదాన్ని మెటికతో కొట్టి చూశాను.
ఖంగుమంది. మంచి కుండే.

పిన్ను కడిగి నా బల్ల మీద పెట్టింది సత్యవేణి.
‘దీన్ని కాలిస్తే ఏమవుద్దండీ?’
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
సోమవారం కొలిమి వెలిగిస్తున్నాం.

మార్కులు మీరు వేసినవే ఉంచాను.
‘లేదు’ కింద ఏదో రాద్దామని ఫారం పట్టుకుంటే
నా బొటనవేలి మట్టి అంటుకుంది.
తుడిస్తే
మీ సంతకం దాకా పాకింది.